మూడు డార్టులు, ఒక గీత, 501: ఆట నియమాలు, ఆటగాడి హక్కులు

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో క్యారమ్స్ బల్ల, టేబుల్ టెన్నిస్ బల్ల ఉన్న గదిలో ఓ మూల డార్ట్ బోర్డు కూడా కనిపిస్తోంది. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకైతే అది పబ్బుల్లో రోజూ చూసే వస్తువే. 2025 జనవరిలో ల్యూక్ లిట్లర్ 17 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ కావడంతో మన పిల్లలూ ఆ ఆట పేరు ఎత్తుతున్నారు. అయితే చాలాచోట్ల బోర్డు ఎవరికి అందిన ఎత్తులో వాళ్లు తగిలించేస్తారు. నేల మీద గీత ఉండదు, లెక్క నోటితో సాగుతుంది, రెండో రోజుకే తగాదా మొదలవుతుంది. కొలతలూ నియమాలూ సరిగ్గా పాటిస్తే ఇది ఎంత గొప్ప ఆటో తెలుస్తుంది. అందుకే ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

బోర్డు ఎంత ఎత్తున ఉండాలి? ఎంత దూరం నుంచి విసరాలి?

బోర్డు నట్టనడుమ ఉండే ఎర్ర చుక్కను బుల్ అంటారు. దాని కేంద్రం నేల నుంచి 173 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మీరు నిలబడే గీత బోర్డు ముఖానికి 237 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ గీతను ఓకీ అంటారు.

కొలత గోడ నుంచి కాదు, బోర్డు ముఖం నుంచి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బోర్డుకు మందం ఉంటుంది, దాని వెనక చెక్క పెడితే ఇంకాస్త ముందుకు వస్తుంది. గోడ నుంచి కొలిస్తే గీత ఆ మేరకు దగ్గరైపోతుంది. ఒక దారానికి బరువు కట్టి బోర్డు ముఖానికి ఆనించి కిందికి వదలండి. నేల మీద అది తాకిన చోటు నుంచి 237 కొలవండి. సరిచూసుకోవడానికి ఇంకో మార్గం ఉంది. బుల్ నుంచి గీత దాకా టేపు ఏటవాలుగా పట్టుకుంటే 293 సెంటీమీటర్లు రావాలి. మూడు కొలతలూ కుదిరితే ఇంగ్లండ్‌లో ప్రపంచ పోటీ జరిగే వేదిక మీద ఎంత దూరమో మీ ఇంట్లోనూ అంతే దూరం.

20 నంబరు గడి నిట్టనిలువుగా పైన ఉండాలి, అది నల్ల గడి అయి ఉండాలి. ప్లాస్టిక్ మొనల డార్టులతో ఆడే ఎలక్ట్రానిక్ మెషీన్ అయితే చాలాచోట్ల దూరం 244 సెంటీమీటర్లు పెడతారు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఉక్కు మొన డార్టుల గురించే.

ఏ బోర్డు కొనాలి? చవకగా దొరికే కాగితం చుట్ట బోర్డు పనికిరాదా?

పిల్లలు సరదాగా నాలుగు రోజులు ఆడడానికి పనికొస్తుంది. నేర్చుకోవడానికి మాత్రం సిసల్ బోర్డే కావాలి. సిసల్ అంటే కిత్తలి జాతి మొక్క నుంచి తీసే నార. ఆ నారను చిన్న చిన్న కట్టలుగా కట్టి, కొసలు మన వైపు ఉండేలా నిలువుగా పేర్చి, గట్టిగా నొక్కి, చుట్టూ ఇనుప పట్టీ బిగిస్తారు. డార్టు మొన నారను కోయదు, పోచల మధ్య సందు చేసుకుని దిగుతుంది. తీసేశాక ఆ పోచలు మళ్లీ దగ్గరికి చేరతాయి. మంచి బోర్డు నుంచి డార్టు తీసి, ఆ చోటును వేలితో తడిమితే రంధ్రం తెలియదు. కాగితం చుట్ట బోర్డులో పడిన రంధ్రం పడినట్టే ఉంటుంది.

బోర్డు మొత్తం అడ్డకొలత 451 మిల్లీమీటర్లు. గడులను విడదీసే తీగ ఎంత సన్నగా ఉంటే డార్టు తగిలి వెనక్కి ఎగిరే అవకాశం అంత తగ్గుతుంది. కాబట్టి కొనేటప్పుడు తీగ చూడండి. తీగను బోర్డుకు పట్టి ఉంచే పిన్నులు పైకి కనిపించే రకాన్ని వదిలేయండి.

బోర్డును తడి గుడ్డతో తుడవకండి. నార నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బిన చోట డార్టు నిలవదు. నంబర్లున్న తీగ చక్రం విడిగా ఊడి వస్తుంది. అందరూ గురిపెట్టేది 20 కే కాబట్టి అక్కడ నార ముందు అరుగుతుంది. కొన్ని వారాలకోసారి నంబర్ల చక్రాన్ని తీసి, బోర్డును రెండు గడుల మేర తిప్పి, చక్రాన్ని మళ్లీ 20 పైకి వచ్చేలా పెట్టండి. ఒక గడి మాత్రమే తిప్పితే 20 స్థానంలోకి తెల్ల గడి వస్తుంది. డార్టును లాగేటప్పుడు కూడా కాస్త మెలితిప్పి తీస్తే నార పోచలు ఊడిరావు.

డార్టు బరువు ఎంత ఉండాలి?

నియమం గరిష్ఠ పరిమితి మాత్రమే చెబుతుంది. ఒక్కో డార్టు 50 గ్రాములు దాటకూడదు, పొడవు 305 మిల్లీమీటర్లు మించకూడదు. ఆ లోపల మీ ఇష్టం. ఆచరణలో ఎక్కువమంది 20 నుంచి 26 గ్రాముల మధ్య వాడతారు. కొత్తవాళ్లు 22 లేదా 23తో మొదలుపెట్టడం మంచిది. మరీ తేలికైనది చేతి ప్రతి వణుకునూ బయటపెడుతుంది.

డార్టులో నాలుగు భాగాలుంటాయి. ముందు మొన, తర్వాత చేత్తో పట్టుకునే బ్యారెల్, దాని వెనక సన్నని షాఫ్ట్, చివర రెక్కల్లాంటి ఫ్లైట్. డబ్బు పెట్టాల్సింది బ్యారెల్ మీదే. ఇత్తడితో పోలిస్తే టంగ్‌స్టన్ సాంద్రత రెట్టింపుకు పైనే. కాబట్టి అదే బరువు చాలా సన్నని బ్యారెల్‌లో ఇమిడిపోతుంది. మూడింతల పాయింట్లు ఇచ్చే ట్రెబుల్ గడి వెడల్పు 8 మిల్లీమీటర్లే. అందులో మూడు డార్టులు పట్టాలంటే బ్యారెల్ సన్నగా ఉండక తప్పదు. అయితే మొదటి నెలలో మీ డార్టులు అంత దగ్గరగా గుమిగూడవు. కాబట్టి ఇత్తడివి కొని మొదలుపెట్టినా నష్టం లేదు. ఫ్లైట్లు మాత్రం నాలుగైదు జతలు అదనంగా ఉంచుకోండి. చిరిగిన ఫ్లైట్‌తో డార్టు తిన్నగా పోదు.

నంబర్లు వరసలో లేవెందుకు?

పై నుంచి కుడివైపుగా చదివితే 20, 1, 18, 4, 13, 6, 10, 15, 2, 17, 3, 19, 7, 16, 8, 11, 14, 9, 12, 5. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌కు చెందిన బ్రయన్ గామ్లిన్ 1896లో ఈ వరస రూపొందించాడని ప్రచారంలో ఉంది కానీ దానికి గట్టి ఆధారం లేదు. ఎవరు చేసినా పని మాత్రం తెలివైనది. పెద్ద అంకె పక్కన చిన్న అంకెలు పెట్టారు. 20కి అటూ ఇటూ ఉన్నవి 1, 5. గురి ఒక్క వేలెడు పక్కకు పోయిందంటే 20 రావాల్సిన చోట 1 వస్తుంది.

దీన్నిబట్టి కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. టీవీలో ఛాంపియన్లు 20కి వేస్తున్నారని మీరూ 20కి వేయకండి. లెక్క చూడండి. గురిపెట్టిన గడిలో ఒకటి, కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి పడ్డాయనుకుందాం. 20కి వేస్తే 20, 1, 5 కలిపి 26. 19కి వేస్తే 19, 3, 7 కలిపి 29. 16కి వేస్తే 16, 7, 8 కలిపి 31. 14కి వేస్తే 14, 11, 9 కలిపి 34. బోర్డు ఎడమ వైపు తప్పిన గురిని కూడా ఆదరిస్తుంది. చెయ్యి కుదిరేదాకా అక్కడ ఆడి, మూడు డార్టులూ ఒకే చోటికి చేరడం మొదలయ్యాక 20కి మారండి.

ఏ గడికి ఎన్ని పాయింట్లు?

తెల్ల, నల్ల భాగాల్లో పడితే ఆ నంబరు ఎంతో అంతే. బోర్డు అంచున ఉన్న సన్నని వలయం డబుల్, అంటే నంబరుకు రెట్టింపు. మధ్యలో ఉన్న సన్నని వలయం ట్రెబుల్, మూడింతలు. నడిమధ్య ఎర్ర బుల్‌కి 50, దాని చుట్టూ ఉన్న ఆకుపచ్చ వలయానికి 25. డబుల్ వలయం దాటి బయట పడితే సున్నా. మూడు డార్టులతో వచ్చే అత్యధిక స్కోరు ట్రెబుల్ 20 మూడుసార్లు, అంటే 180.

501 ఎలా ఆడాలి?

మొదట ఇద్దరూ బుల్‌కి ఒక్కో డార్టు వేస్తారు. ఎవరిది దగ్గరగా పడితే వాళ్లు మొదలుపెడతారు. ఒక్కొక్కరి ఖాతాలో 501 ఉంటుంది. వంతుకు మూడు డార్టులు. వచ్చిన స్కోరును తీసేస్తూ పోవాలి. సరిగ్గా సున్నాకు ఎవరు ముందు చేరితే వాళ్లది గెలుపు. దాన్ని ఒక లెగ్ అంటారు. తర్వాతి లెగ్‌లో మొదటి వంతు రెండోవాళ్లది.

షరతు చివర్లో ఉంది. సున్నాకు చేర్చే ఆఖరి డార్టు డబుల్‌లోనే పడాలి. నడిమి ఎర్ర బుల్‌ను 25కి డబుల్‌గా లెక్కిస్తారు కాబట్టి దానితోనూ ముగించవచ్చు. ఉన్నదానికంటే ఎక్కువ వేసినా, 1 మిగిల్చినా, డబుల్ కాని గడితో సున్నాకు చేర్చినా ఆ వంతు మొత్తం రద్దు. దీన్నే బస్ట్ అంటారు. ఉదాహరణకు మీకు 40 మిగిలింది. మొదటి డార్టు 20లో పడింది, ఇంకా 20 ఉంది. రెండోది జారి 19 మీద పడితే మిగిలేది 1. బస్ట్ అయినట్టే. మూడో డార్టు వేయక్కర్లేదు, మీ ఖాతా మళ్లీ 40కే వెళ్తుంది.

ఏ డబుల్ మిగిలేలా చూసుకోవాలి?

ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే చెయ్యికి సమానంగా బుర్ర పనిచేసేది ఇక్కడే. 32 మిగిలిందనుకోండి, డబుల్ 16 కావాలి. డార్టు వలయం బయటికి పోతే నష్టం లేదు, 32 అలాగే ఉంటుంది. లోపలికి పడి మామూలు 16 అయితే మిగిలేది 16, ఇప్పుడు డబుల్ 8 చాలు. అదీ లోపలికి పడితే 8, తర్వాత 4, తర్వాత 2. సగం సగం తగ్గుతూ ఎక్కడా బేసి సంఖ్య అడ్డుపడదు. 40 కూడా మంచిదే కానీ 20, 10 అయ్యాక 5 దగ్గర బేసి వస్తుంది, దాన్ని సరిచేయడానికి ఒక డార్టు ఖర్చవుతుంది. అనుభవమున్నవాళ్లు 60, 70 మిగిలినప్పటి నుంచే 32కో 40కో చేరేలా దారి వేసుకుంటారు.

మూడు డార్టులతో ముగించగల పెద్ద సంఖ్య 170. రెండు ట్రెబుల్ 20లు, ఒక బుల్. దాని కింద 169, 168, 166, 165, 163, 162, 159 మాత్రం ఎలా వేసినా ఒకే వంతులో ముగియవు. ఆ ఏడు సంఖ్యలూ గుర్తుపెట్టుకోండి. అవి మిగిలితే ముగించే ప్రయత్నం మానేసి తర్వాతి వంతుకు మంచి సంఖ్య మిగిల్చుకోవాలి.

మొత్తం 501ని తొమ్మిది డార్టుల్లో ముగించడం సాధ్యమే. రెండు వంతుల్లో రెండు 180లు, మిగిలిన 141కి ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, డబుల్ 12. టీవీ కెమెరాల ముందు తొమ్మిది డార్టుల్లో మొదట ముగించింది జాన్ లో అనే ఆటగాడు, 1984 అక్టోబరు 13న ఇంగ్లండ్‌లోని స్లౌ పట్టణంలో.

పిల్లలకు తీసివేతలు నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. 501 నుంచి 57 తీసెయ్యమని పుస్తకంలో అడిగితే ఆవలించే పిల్లవాడు, బోర్డు దగ్గర మీకంటే ముందే 444 అంటాడు.

కిందపడిన డార్టును మళ్లీ వేయవచ్చా?

వేయకూడదు. విసిరిన డార్టు తీగకు తగిలి ఎగిరిపోయినా, గుచ్చుకుని తర్వాత జారిపడినా సున్నాయే. వంతు ముగిసి, స్కోరు నమోదయ్యే దాకా బోర్డులో నిలిచి ఉన్న డార్టుకే పాయింట్లు. మొన బోర్డును తాకి ఉండాలన్నది మూల నియమం. అందుకే ముందు వేసిన డార్టు వెనక భాగంలో రెండోది గుచ్చుకుని వేలాడితే, చూడడానికి అద్భుతంగా ఉన్నా దానికి పాయింట్లు రావు. మొన తీగకు ఏ పక్క దిగిందో ఆ గడిదే స్కోరు. డార్టు వెనక భాగం ఎటు వాలి ఉందన్నది లెక్కలోకి రాదు.

గీత మీద కాలు పెడితే? పక్కకు జరిగి వేస్తే?

పాదం గీత దాటకూడదు. కానీ నడుము వంచి ముందుకు వాలడం మీ హక్కు, ఎంత వాలినా ఎవరూ ఆక్షేపించకూడదు. గీతను రెండు వైపులా ఊహగా పొడిగించుకుని, ఆ వరసలో పక్కకు జరిగి నిలబడి విసరడానికీ హక్కుంది. ముందు వేసిన డార్టు గడిని కప్పేసినప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది.

విసిరేవాళ్లకు ఇంకో హక్కు ఉంది, మన దగ్గర అస్సలు పాటించనిది. ఎదుటి ఆటగాడు కనీసం 60 సెంటీమీటర్లు వెనక్కి నిలబడాలి, కదలకుండా, మాట్లాడకుండా. పక్కన చేరి సలహాలివ్వడం, డార్టు వదిలే క్షణంలో పేరు పెట్టి పిలవడం సరదా కిందకు రావు, అవి నియమ ఉల్లంఘనలు. పోటీ మధ్యలో డార్టు విరిగితే మార్చుకోవడానికి మూడు నిమిషాలు అడగవచ్చు.

లెక్కలో తప్పు జరిగితే ఎవరి మాట చెల్లుతుంది?

స్కోరు రాసేవాళ్లదే ఆఖరి మాట. అయితే అభ్యంతరం చెప్పే హక్కు మీకు ఎప్పటిదాకా ఉందో తెలుసుకోండి. ఏ డార్టు ఏ గడిలో ఉందన్న తగాదా డార్టులు బోర్డులో ఉన్నప్పుడే తేలాలి. బోర్డు నుంచి తీసేశాక ఆ ప్రశ్న ముగిసినట్టే. కాబట్టి స్కోరు పైకి చెప్పి, ఎదుటివాళ్లు సరే అన్నాకే డార్టులు తీయడం అలవాటు చేసుకోండి. కూడికలోనో తీసివేతలోనో పొరపాటుంటే, ఎవరి స్కోరు తప్పిందో ఆ ఆటగాడి తర్వాతి వంతు రాకముందే సరిదిద్దించుకోవాలి.

ఆట మధ్యలో ఆగి, నేనెంత వేశాను, ఇంకెంత ఉంది అని అడిగే హక్కు మీకుంది, స్కోరు చూసేవాళ్లు చెప్పాలి. ఆ మిగిలిందాన్ని ఎలా ముగించాలో మాత్రం వాళ్లు చెప్పకూడదు. 87 ఉంది అనవచ్చు, ట్రెబుల్ 17, డబుల్ 18 వెయ్యి అనకూడదు.

ఇంట్లో పిల్లలున్నారు. ఉక్కు మొన ప్రమాదం కాదా?

ప్రమాదమే, జాగ్రత్త లేకపోతే. తలుపు పక్కన గానీ, ఎవరైనా నడిచే దారిలో గానీ బోర్డు కట్టకండి. ఒకరు విసురుతుండగా మరొకరు గీత దాటి ముందుకు పోకూడదు, కిందపడిన డార్టు కోసమైనా సరే. ఎగిరివచ్చే డార్టు పాదం మీద పడవచ్చు కాబట్టి చెప్పులు లేకుండా ఆడవద్దు. ఆట అయ్యాక డార్టులు పెట్టెలో పెట్టి పైన దాచండి, బోర్డుకు గుచ్చి వదిలేయకండి. మరీ చిన్నపిల్లలకు అయస్కాంతం బోర్డు ఇవ్వండి.

అపార్ట్‌మెంట్ అయితే పక్కింటివాళ్లతో ఉమ్మడిగా ఉన్న గోడకు కట్టవద్దు. ప్రతి డార్టు దెబ్బా అవతలికి వినిపిస్తుంది.

విమానంలో చేతిసంచిలో తీసుకెళ్లవచ్చా?

వద్దు. పదునైన వస్తువు కింద భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు. చెక్ఇన్ సామానులో పెట్టుకోండి. ఇంగ్లండ్ నుంచి కొనుక్కొచ్చేవాళ్లు ఇది మరిచిపోవద్దు.

నలుగురైదుగురు ఉంటే ఏం ఆడాలి?

రౌండ్ ద క్లాక్ ఆడండి. 1 నుంచి 20 దాకా వరసగా ఒక్కో నంబరు కొట్టుకుంటూ పోవాలి, ముందు ముగించినవాళ్లు గెలిచినట్టు. లెక్కలు అక్కర్లేదు, బోర్డు మీద ప్రతి మూలా పరిచయమవుతుంది. కాస్త పదునైన పోటీ కావాలంటే క్రికెట్ అనే ఆట ఉంది. మన బ్యాటూ బంతీ క్రికెట్‌తో దానికి సంబంధం లేదు. 15 నుంచి 20 దాకా ఉన్న నంబర్లనూ బుల్‌నూ మూడేసిసార్లు కొట్టి మూసెయ్యాలి.

భారతీయులెవరైనా పెద్ద స్థాయిలో ఆడారా?

ఆడారు. చెన్నైకి చెందిన నితిన్ కుమార్ లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగే పీడీసీ (ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్) ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భారత్ నుంచి ఆడాడు. పదహారు సార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన ఫిల్ టేలర్ పీడీసీలో చివరి మ్యాచ్ ఆడింది కూడా ఆ వేదిక మీదే.

ఆడవాళ్లకు వేరే దూరం, వేరే బోర్డు ఉంటాయా? వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు ఆడవచ్చా?

ఆడవాళ్లకు వేరే కొలతలేమీ లేవు. అదే బోర్డు, అదే 237 సెంటీమీటర్లు. మహిళలకు ప్రత్యేక పోటీలున్నా, పీడీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ అందరిదీ. 2019 డిసెంబరులో ఫాలన్ షెరాక్ అక్కడ టెడ్ ఎవెట్స్‌ను ఓడించి, ఆ పోటీలో మ్యాచ్ గెలిచిన మొదటి మహిళ అయింది. తర్వాతి రౌండులో మెన్సూర్ సుల్యోవిచ్‌నూ ఓడించింది. కాబట్టి ఆఫీసు పోటీల్లో ఆడవాళ్లను గీతకు ముందు నిలబెట్టి వేయించడం మర్యాద కాదు, ఆట తెలియకపోవడమే.

వీల్‌చైర్‌లో కూర్చుని ఆడేవాళ్లకు మాత్రం ప్రత్యేక నియమం ఉంది. దూరం అదే 237. బుల్ ఎత్తు 173 బదులు 137 సెంటీమీటర్లు. కూర్చున్న మనిషి కంటికీ బోర్డుకూ ఉండే తేడా, నిలబడ్డ మనిషికి ఉన్నంతే ఉండేలా చేసిన సర్దుబాటు అది. గురిలో రాయితీ ఏమీ లేదు. ఆఫీసులో గానీ, అపార్ట్‌మెంట్ క్లబ్ గదిలో గానీ, కాలేజీలో గానీ డార్ట్ బోర్డు పెట్టే బాధ్యత మీదైతే దయచేసి ఒకటి కాదు, రెండు కట్టించండి. రెండోది 137 సెంటీమీటర్ల ఎత్తులో ఉండనివ్వండి.